కండ లాగుతుంది, తొయ్యదు: మోచేతి కదలికను సొంత చేత్తో, కోడి కాలుతో, అట్టముక్కతో చూడటం ఎలా

తలుపు నెడతాం, ఆగిపోయిన బండిని తోస్తాం, దండీలు తీస్తూ నేలను కిందికి అదుముతాం. అయినా మన ఒంట్లో ఉన్న 600కు పైగా కండరాల్లో ఒక్కదానికి కూడా తొయ్యడం రాదు. వాటికి తెలిసిందల్లా కురచవడం, అంటే లాగడం. లేకపోతే వదులవడం. ఈ ఒక్క లాగుడుతోనే తోపు, తిప్పు, విసురు అన్నీ ఎలా పుడతాయో మోచెయ్యి దగ్గర చూస్తే అర్థమవుతుంది. మోకాలిదీ, వేళ్లదీ, దవడదీ కూడా ఇదే పద్ధతి, కొలతలే వేరు.

పని మూడు భాగాలుగా ఉంటుంది. ముందు మీ చేతిని తడిమి చూడాలి, దానికి ఏ సామానూ అక్కర్లేదు. తర్వాత కోడి కాలు విప్పి లోపలి తాళ్లు చూడాలి. చివరికి అట్టతో చెయ్యి చేసి, కండ ఎంత బలంతో లాగుతుందో తూకం వెయ్యాలి. మాంసం ముట్టనివాళ్లు మధ్య భాగం వదిలేసినా మిగతా రెండిటికీ లోటుండదు.

మీ చెయ్యి

చొక్కా చెయ్యి పైకి మడిచి బల్ల ముందు కూర్చోండి. కుడి అరచేతిని పైకి తిప్పి బల్ల కింద పెట్టి, బల్లను పైకి లేపబోతున్నట్టు ఎత్తండి. ఎడమ చేత్తో దండచెయ్యి ముందువైపు పట్టుకుని చూడండి, గట్టిగా ఉంటుంది. ఇది ద్విశిరస్క కండరం, దండకడియం పెట్టుకునే చోటు. అలాగే పట్టుకుని వెనకవైపు నొక్కండి, మెత్తగా ఉంటుంది. ఇప్పుడు అరచేతిని బల్ల మీద పెట్టి కిందికి అదమండి. గట్టిదనం వెనక్కి, త్రిశిరస్క కండరంలోకి వెళ్లిపోతుంది, ముందుది మెత్తబడుతుంది. మీరు బల్లను తోస్తున్నారు, కానీ వెనక కండ మాత్రం మోచేతి మొనను పైకి లాగుతోంది. ఉయ్యాలబల్లలా ఆ కొన పైకి పోతే ఈ కొన కిందికి వస్తుంది. తోపంటే ఇంతే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు పిడికిలి బిగించడం. పిడికిలి బిగిస్తే ముందూ వెనకా అన్నీ ఒకేసారి బిగుసుకుని తేడా తెలియదు. వేళ్లు వదులుగా ఉంచండి. బలం కూడా కొంచెమే చాలు, బల్లను నిజంగా లేపనక్కర్లేదు.

ఇప్పుడు మోచేతిని లంబకోణంలో మడిచి, మడత మధ్యలో వేలు పెట్టండి. తీగలాంటి గట్టి తాడు తగులుతుంది. దీన్ని అందరూ నరం అంటారు. మనవాళ్లకు రక్తనాళమూ నరమే, నాడీ నరమే, ఈ తాడూ నరమే. ఇది మాత్రం స్నాయుబంధనం, కండను ఎముకకు కట్టే తాడు. ఎముకను ఎముకకు కట్టేది సంధిబంధనం. కాలు బెణికిందంటే సాగిందో తెగిందో అది ఈ రెండోది. పిక్క పట్టేసిందంటే అది కండ తనంతట తాను బిగుసుకుని వదలకపోవడం. మూడింటినీ నరమనే అంటే ఏం నొప్పెడుతోందో డాక్టరుకు చెప్పడమూ కష్టమే.

వేలు ఆ తాడు మీదే ఉంచి, అరచేతిని ఒకసారి నేలకేసి, ఒకసారి ఆకాశానికేసి తిప్పండి. అరచెయ్యి పైకి తిరిగినప్పుడల్లా తాడు బిగుసుకుని దండ ఉబ్బుతుంది. ముంజేతిలో ఎముకలు రెండు. చిటికెనవేలి వైపున్న అరత్ని మోచేతికి మడతబందులా బిగిసి ఉంటుంది. బొటనవేలి వైపున్న రత్ని దాని చుట్టూ బొంగరంలా తిరుగుతుంది. ద్విశిరస్క కండరం తాడు వెళ్లి అతుక్కునేది ఈ తిరిగే ఎముకకే. అందుకే అది చేతిని మడవడమే కాదు, అరచేతిని పైకి తిప్పుతుంది కూడా. కుడిచేత్తో స్క్రూ బిగించడం ఈ కండ పని. విప్పేటప్పుడు చెయ్యి అటువైపు తిరుగుతుంది కాబట్టి దీని సాయం ఉండదు. మొండికేసిన స్క్రూ కుడిచేత్తో రాకపోతే, మోచెయ్యి మడిచి ఎడమచేత్తో ప్రయత్నించి చూడండి.

వేళ్ల దగ్గర ఇంకో వింత ఉంది. వేళ్లను కదిపే కండలు వేళ్లలో ఉండవు. ముంజేతిని పట్టుకుని వేళ్లు ఆడించండి, మోచేతికి దగ్గర్లో కండ పాకినట్టు తెలుస్తుంది. అక్కడి నుంచి పొడవాటి తాళ్లు మణికట్టు దాటి వేళ్లలోకి వెళతాయి. తాడు పొడవు మారదు కాబట్టి ఒక తమాషా చూడొచ్చు. చేతిని పూర్తిగా వదులుగా ఉంచి, రెండో చేత్తో మణికట్టును వెనక్కి వంచితే వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి, ముందుకు వేలాడేస్తే విచ్చుకుంటాయి. ఇందులో మీరు ఏ కండనూ బిగించలేదు, తాడు చాలక ఎముకను లాగింది.

దీనికి తిరగేసినది కూడా చెయ్యండి. మణికట్టును మీకు మీరే లోపలికి బాగా వంచి, అదే స్థితిలో పిడికిలి బిగించబోండి. బిగువు రాదు. కండ అప్పటికే కురచగా ఉంది, ఇంకా కురచవడానికి చోటు లేదు. సుత్తి పట్టినా, రోకలి పట్టినా మణికట్టు కొంచెం వెనక్కి ఉండటం ఇందుకే.

చివరిగా ఒకటి. అరచేతిని బల్ల మీద బోర్లించి, మధ్యవేలిని లోపలికి మడిచి ఉంచండి. బొటనవేలు, చూపుడువేలు, చిటికెనవేలు ఒక్కొక్కటే లేపండి, లేస్తాయి. ఉంగరపు వేలు లేవదు. చేతి వెనకవైపు ఆ వేలి తాడు మధ్యవేలి తాడుతో అడ్డంగా ముడిపడి ఉంటుంది. మధ్యవేలు మడిచి దాన్ని ముందుకు లాగి ఉంచారు కాబట్టి పక్కదీ ఇరుక్కుపోయింది. చూపుడువేలికీ చిటికెనవేలికీ లేపడానికి వేరే కండలున్నాయి.

కండ కురచవడం అంటే లోపల ఏం జరుగుతుంది

కండ పోగును సూక్ష్మదర్శినిలో చూస్తే అడ్డచారలు కనబడతాయి. ఒక్కో గడి పొడవు మిల్లీమీటరులో 400వ వంతో, కాస్త తక్కువో ఉంటుంది. అందులో మందపాటి మయోసిన్ పోగులు, సన్నటి యాక్టిన్ పోగులు ఒకదాని మధ్యలోకి ఒకటి దూరి ఉంటాయి. రెండు చేతుల వేళ్లు ఎదురెదురుగా పెట్టి ఒకదాని మధ్యలోకి ఒకటి జొనిపితే అచ్చం అదే. నాడి నుంచి సంకేతం రాగానే కాల్షియం విడుదలై, మయోసిన్ తలలు యాక్టిన్‌ను పట్టి లాగి, వదిలి, మళ్లీ ముందుకెళ్లి పట్టుకుంటాయి. పోగులేవీ కుంచించుకోవు, ఒకదాని మీద ఒకటి జారతాయంతే. 1954లో రెండు బృందాలు విడివిడిగా ఈ మాటే చెప్పాయి: ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది, ఇంకోటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. ఇంటిపేరు ఒకటే అయినా ఆ హక్స్‌లీలిద్దరూ బంధువులు కారు.

ఒక చిన్న విషయం గుర్తుంచుకోండి, కోడి కాలు దగ్గర పనికొస్తుంది. పట్టు వదలాలంటే ఏటీపీ అనే ఇంధనం కావాలి. ఇంధనం అయిపోతే తలలు పట్టుకున్నవి పట్టుకున్నట్టే ఉండిపోతాయి.

కోడి కాలు

చికెన్ షాపులో స్కిన్‌తో, పాదం తియ్యకుండా, ముక్కలు కొట్టకుండా ఒక కాలు అడగండి. పెద్ద పళ్లెం, చేతి తొడుగులు, వాడి పాత కత్తెర, చిన్న పట్టకారు సిద్ధం చేసుకోండి. కాలిని కుళాయి కింద కడగొద్దు. ఆ తుంపర్లతో సాల్మొనెల్లా, కాంపైలోబాక్టర్ లాంటి క్రిములు గట్టంతా పడతాయి. పిల్లలతో చేయిస్తే కత్తెర మీ చేతిలోనే ఉండాలి.

కొయ్యకముందే కాలిని మడిచి చూడండి. కోడి మోకాలు వెనక్కి వంగుతుందని అనుకుంటాం. అది మోకాలు కాదు, చీలమండ. అసలు మోకాలు పైన, లెగ్‌పీస్‌కూ తొడముక్కకూ మధ్య, ఈకల్లో దాగి ఉంటుంది, మనదిలాగే మడిస్తే ముందుకే పొడుచుకొస్తుంది. ఇప్పుడు మోకాలినీ చీలమండనూ కలిపి మడవండి. వేళ్లు వాటంతట అవే ముడుచుకుంటాయి. మీ మణికట్టు దగ్గర చూసిందే ఇది, తాడు చాలకపోవడం.

చర్మాన్ని నిలువునా కత్తిరించి ఒలవండి. కింద పారదర్శకమైన పల్చటి పొర ఉంటుంది, ఒక్కో కండకూ ఒక్కో సంచిలాంటిది. దాన్ని కత్తెరతో కాకుండా వేళ్లతో విడదియ్యండి. ఇక్కడ ఓపిక పడితేనే కండలు దేనికది విడివిడిగా వస్తాయి. కత్తి పెట్టారంటే కూర ముక్కలే మిగులుతాయి. లెగ్‌పీస్ వెనకవైపు కండ కిందికి పోయేకొద్దీ ఎర్రదనం తగ్గి, తెల్లటి మెరిసే తాడుగా మారడం గమనించండి. కండా తాడూ అతికించిన రెండు వస్తువులు కావు, ఒకదాంట్లోంచి ఒకటి సాగుతుంది.

పొలుసుల కాడ వెనకవైపు చర్మం మాత్రమే చీల్చి, తెల్లటి తాళ్లను పట్టకారుతో పట్టి పైకి లాగండి, వేళ్లు ముడుచుకుంటాయి. ముందువైపు తాడు లాగితే విచ్చుకుంటాయి. రెండూ ఒకేసారి లాగితే పాదం కొయ్యలా బిగుసుకుంటుంది. బిందె ఎత్తేటప్పుడు మీ మోచెయ్యి కదలకుండా నిలవడం ఇలాగే. తాడు జారిపోతుంటే పట్టకారు కింద చిన్న గుడ్డముక్క పెట్టి పట్టుకోండి.

ఇక మోకాలు విప్పండి. ముందువైపు తాడులోనే పొదిగినట్టు చిన్న చిప్ప ఉంటుంది. దాన్ని కోసి పైకెత్తితే కీలు తెరుచుకుంటుంది. ఎముక కొనల మీద నీలిఛాయతో మెరిసే నున్నటి తొడుగు మృదులాస్థి. వేలితో రాస్తే గుడ్డు తెల్లసొనలా జిగటగా తగిలేది సైనోవియల్ ద్రవం, అదే కీలుకు కందెన. రెండు ఎముకల మధ్య లోపల అడ్డదిడ్డంగా దాటే కురచ తాళ్లు కనబడతాయి. వాటిని కోసే ముందొకసారి, కోశాక ఒకసారి మోకాలిని ఆడించి చూడండి. కోశాక ఎముకలు అవే, తొడుగూ అదే, కానీ కీలు ఇష్టమొచ్చినట్టు ఊగిపోతుంది. కీలు ఏ దిక్కున కదలాలో చెప్పేది ఎముకల ఆకారం ఒక్కటే కాదు. ఆటగాళ్లకు మోకాట్లో తెగిందని వింటామే, అది ఎక్కువసార్లు ఈ అడ్డతాళ్లలో ముందుదే.

ఇక్కడ కుదరనివి రెండు. కాలు కొయ్యలా బిగుసుకుని మడవడానికి రాకపోతే, అది కోసి ఎక్కువసేపు కాలేదని అర్థం. ఏటీపీ అయిపోయి మయోసిన్ పట్టు వదల్లేదు. ఒక పూట ఫ్రిజ్‌లో పెట్టి తియ్యండి, సడలుతుంది. రెండోది, ఉడికించిన కాలుతో ప్రయత్నించడం. అది దండగ. తాళ్లన్నీ కొల్లాజెన్ అనే ప్రోటీన్‌తో అల్లినవి, ఉడికితే జెలటిన్‌గా కరిగిపోతాయి. పాయా చల్లారాక గడ్డకట్టేది ఇందుకే.

అయ్యాక తొడుగులు, కాలు కవర్లో కట్టి పారేసి, పళ్లెం, కత్తెర వేడి సబ్బునీళ్లతో కడగండి. చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు తోముకోండి.

అట్టచెయ్యి

సామాను: గట్టి అట్టపెట్టె ఒకటి, 4 మిల్లీమీటర్ల నట్టూ బోల్టూ, వాషర్లు మూడు, సాగని నైలాన్ దారం రెండు మీటర్లు, జ్యూస్ స్ట్రా, సీసా మూత, 1 కిలో స్ప్రింగ్ త్రాసు, 100 గ్రాములు తూగే సబ్బు. సబ్బును త్రాసుతో ఒకసారి తూచి చూసుకోండి, రేపరు మీది బరువును నమ్మకండి.

అట్ట లోపలి గీతలు పొడవునా వచ్చేలా, 30 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పుతో నాలుగు పట్టీలు కోసి, రెండేసి అతికించండి. గీతలు అడ్డంగా వస్తే బరువు వెయ్యగానే మధ్యలో మడతపడుతుంది. ఒకటి దండచెయ్యి, దానికి కింది కొన నుంచి 2 సెంటీమీటర్ల దగ్గర బోల్టు రంధ్రం. రెండోది ముంజెయ్యి, దానికి ఒక కొన నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర బోల్టు రంధ్రం. ఆ వెనక్కి మిగిలిన 4 సెంటీమీటర్లే మోచేతి మొన. బోల్టు నుంచి ముందుకు 3, 6, 24 సెంటీమీటర్ల దగ్గర, వెనక్కి 3 సెంటీమీటర్ల దగ్గర చిన్న రంధ్రాలు చెయ్యండి. వెనక రంధ్రం అంచుకు దగ్గర కాబట్టి రెండు వైపులా టేపు వెయ్యకపోతే చిరుగుతుంది.

రెండు పట్టీల మధ్యా, బయట రెండు వైపులా వాషర్లు వేసి బోల్టు బిగించండి. బిగువు ఎంతంటే, ముంజెయ్యిని పైకెత్తి వదిలితే సొంత బరువుకే పడాలి. దండచెయ్యి పైకొనకు దగ్గర్లో ముందంచున ఒకటి, వెనకంచున ఒకటి స్ట్రా ముక్కలు నిలువుగా అతికించండి. ముందు 3 సెంటీమీటర్ల రంధ్రంలో కట్టిన దారం ముందు స్ట్రాలోంచి, వెనక రంధ్రం దారం వెనక స్ట్రాలోంచి పైకి రావాలి. దండచెయ్యిని నిలువుగా, కింది కొన గాలిలో ఉండేలా బల్ల అంచుకు గట్టిగా కట్టండి.

ముందు దారం లాగితే చెయ్యి మడుస్తుంది, వెనకది లాగితే చాచుకుంటుంది. ఒకటి లాగేటప్పుడు రెండోది వదలకపోతే ఏదీ కదలదు. సైన్స్ ఫెయిర్లలో దారాల బదులు రబ్బరుబ్యాండ్లు కడతారు. అది తప్పు. రబ్బరు ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది, దానికి వదులవడం తెలియదు. బెలూన్ కట్టడమూ చూపుకే, ఉబ్బు కనబడుతుంది కానీ లాగేది మీ చెయ్యే.

ఇక తూకం. 24 సెంటీమీటర్ల రంధ్రానికి సబ్బు వేలాడదీసి, ముందు దారానికి త్రాసు తగిలించి, ముంజెయ్యి అడ్డంగా నిలిచేదాకా నెమ్మదిగా లాగండి. 24ను 3తో భాగిస్తే 8. 100 గ్రాముల సబ్బుకు త్రాసు 800 గ్రాములు చూపాలి, దానికి అట్ట సొంత బరువు లాగుడు కలుస్తుంది. సబ్బు లేకుండా ముందోసారి తూచి, ఆ అంకెను తీసెయ్యండి. ఇంకా తేడా వస్తే అది స్ట్రాలో రాపిడి. పైకి లాగేటప్పుడు అంకె ఎక్కువ, కిందికి దించేటప్పుడు తక్కువ చూపుతుంది కాబట్టి రెండిటి సగటు తీసుకోండి. త్రాసును పక్కకు కాక నిట్టనిలువుగా లాగితే రాపిడి తగ్గుతుంది.

ఎనిమిది రెట్లు బలం పెట్టి మనకొచ్చిందేమిటి? దారం మీద గుర్తు పెట్టుకుని కొలవండి. వేలాడే చోటు నుంచి అడ్డంగా వచ్చేదాకా దారం కదిలింది 3 సెంటీమీటర్లు, సబ్బు లేచింది 24. ఇప్పుడు దారాన్ని 6 సెంటీమీటర్ల రంధ్రానికి మార్చండి. త్రాసు 400కు దిగుతుంది, కానీ దారం దాదాపు రెండింతలు లాగాలి. కండ అంతంత పొడవు కురచవలేదు. అందుకే ఒళ్లు బలాన్ని ఖర్చుపెట్టి దూరాన్నీ వేగాన్నీ కొనుక్కుంది. మన చేతిలో కూడా మడత దగ్గర తాడు కీలుకు సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో అతుక్కుంటుంది, అరచెయ్యి 30 దాటి ఉంటుంది. కిలో పంచదార పొట్లం పట్టుకుంటే కండల మీద ఎనిమిది కిలోల వరకు పడుతుంది, ముంజేతి బరువు దానికి అదనం. ద్విశిరస్క కండరం ఒక్కటే మొయ్యదు, దాని కింద ఇంకో కండ అరత్నిని పట్టుకుని సాయపడుతుంది. నీళ్ల బిందెను చాచిన చేత్తో కాక చంకన పెట్టుకునేది ఈ లెక్క తెలిసే.

ఇప్పుడు అట్టచెయ్యిని విప్పి, దండచెయ్యి బల్ల మీద అడ్డంగా పడుకునేలా, ముంజెయ్యి బల్ల బయటికి చాచి ఉండేలా, ముందు స్ట్రా పైవైపుకు వచ్చేలా కట్టండి. 50 గ్రాములు, అంటే సగం సబ్బు తగిలించి దారం లాగండి. లేవదు. ఇంకా లాగితే అట్ట నలుగుతుంది గానీ బరువు కదలదు. దారం ఎముక వెంబడే పోతోంది, కీలుకు దూరంగా లేదు కాబట్టి తిప్పే బలం దాదాపు సున్నా. 3 సెంటీమీటర్ల వెడల్పున్న సీసా మూతను బోల్టు తల మీద, బోల్టు సరిగ్గా మధ్యకు వచ్చేలా అతికించి, దారాన్ని మూత మీదుగా పోనివ్వండి. ఈసారి లేస్తుంది. దారం కీలుకు సెంటీమీటరున్నర దూరం జరిగింది, త్రాసు 800 దగ్గర ఆడుతుంది. మోకాట్లో ఈ మూత పని చేసేది చిప్ప. మోచేతి దగ్గర ఆ పనిని ఎముకల లావైన కొనలు చేస్తాయి.

దారం మూత మీద నుంచి పక్కకు జారితే మూత అంచున టేపు రెండు చుట్లు ఎత్తుగా వెయ్యండి. చెయ్యి వెనక్కి విరిగినట్టు వంగిపోతుంటే అట్టముక్కతో అడ్డు పెట్టండి. మీ మోచేతికి ఆ అడ్డు ఉంది, మొన వెళ్లి దండ ఎముక వెనకున్న గుంటలో ఇరుక్కుంటుంది. ఆ మొన పక్కన లోపలివైపు గాడిలో చర్మం కిందే ఒక నాడి పోతుంది. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు కరెంటు కొట్టినట్టయ్యేది దానివల్లే, ఎముకవల్ల కాదు.

చివరి తూకం ఒకటి ఉంది, అందరూ వదిలేసేది. చెయ్యిని మళ్లీ నిలువుగా కట్టి, సబ్బును అడ్డం దాకా లేపి, ఇప్పుడు వీలైనంత నెమ్మదిగా దించండి. చెయ్యి చాచుకుంటోంది కదా అని వెనక దారం లాగనక్కర్లేదు. ముందు దారాన్నే పట్టుకుని కొంచెంకొంచెంగా వదులుతున్నారు, త్రాసు మాత్రం రాపిడి మేర తగ్గి అక్కడే ఉంటుంది. అంటే కండ లాగుతూనే పొడవవుతోంది. కండకు గట్టి దెబ్బ తగిలేది ఈ పనిలోనే. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కానీ నడిచి దిగినవాళ్లకే మర్నాడూ ఆ మరునాడూ తొడల ముందువైపు పట్టేసి, కూర్చుని లేవాలంటే గోడ పట్టుకోవాల్సి వస్తుంది.